ముప్పై ఒక్క నిమిషాల చప్పుడు

పలక పగిలిందో లేదో నేను చూడకుండా చెప్పగలను. మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు నా పని అదే. చెక్క చట్రం బిగించకముందు రాయిని ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టాలి. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల వెంట్రుకంత చీలిక ఉన్న రాయి పలకదు, లేదా మందంగా ఏదో గొణుగుతుంది. దాన్ని తీసి పక్కన పడేయాలి. సాయంత్రానికి ఎన్ని కొట్టానో, వందకు ఎన్ని పక్కన పడ్డాయో గోడ మీద బొగ్గుతో రాసుకునేవాణ్ణి. రాయమని ఎవరూ చెప్పలేదు. లెక్క తెలియకుండా పొద్దు గూకితే నాకు ఆ రోజు పని చేసినట్టే ఉండేది కాదు.

చదువు పదో తరగతితో ఆగిపోయింది. సగటు తీయడం, శాతం కట్టడం పాత కాగితాల దుకాణంలో దొరికిన ఒక చిరిగిన లెక్కల పుస్తకం చూసి నేర్చుకున్నాను. తర్వాత కంప్యూటరులో పట్టికలు వేయడం ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. రాతి పలకలు కొనేవాళ్ళు తగ్గి ఫ్యాక్టరీలో మమ్మల్ని తీసేశాక, దోర్నాల దారిలో ఉన్న ఒక ఊరి హైస్కూలులో ఆన్‌లైన్ పనులు చూడడానికి కుదిరాను. పిల్లల హాజరు, మధ్యాహ్నం ఎన్ని గుడ్లు, ఎన్ని చిక్కీలు, కడిగిన మరుగుదొడ్ల ఫొటోలు, అన్నీ పొద్దున పదకొండులోగా పైకి పోవాలి. టీచర్లకు వాటితో తలనొప్పి. నాకు అది సుఖమైన పని. అంకెలు తప్పకుండా ఉంటే చాలు, ఎవరూ నా జోలికి రారు.

నేను ఈ బడికి వచ్చిన రెండో ఏడు, దసరా సెలవులయ్యాక, తెలుగు మేడం ఎనిమిదో తరగతిలో ఒక కొత్త పని మొదలుపెట్టింది. పిల్లలు ముప్పై ఆరు మంది. వాళ్ళను ఆరుగురు చొప్పున ఆరు గుంపులు చేసింది. లైబ్రరీ బీరువాలో ఒక చిన్న నవల ఒకే ఒక్క కాపీ ఉంటే, దాన్ని పేజీ పేజీ ఫొటో తీసి పిల్లల ట్యాబుల్లోకి ఎక్కించింది. పనికోసం ఊరు విడిచిపోతూ ఒక కుటుంబం తమ కుక్కను వాకిట్లో వదిలేసి పోయే కథ అది. ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడులో గుంపుగా కూర్చొని చదివిన దాని గురించి మాట్లాడుకోవాలి. మాటలను ట్యాబులో రికార్డు చేయాలి. మరుసటి శుక్రవారం ముందు అది కాస్త విని, అక్కడి నుంచి అందుకోవాలి.

మేడం ఆలోచన మంచిదే. తమ గొంతు తాము వినడం పిల్లలకు కొత్త. మొదటి వారం సిగ్గుపడి నవ్వుకున్నారు. మూడో వారానికి, "పోయినసారి నువ్వు వేరేగా అన్నావు, కావాలంటే విను" అని ట్యాబు చూపించి గొడవ పడేదాకా వచ్చారు. మేము చదివే రోజుల్లో పుస్తకం గురించి అలా కొట్లాడుకున్నవాళ్ళను నేను చూడలేదు. దాన్ని చెడగొట్టింది నేను. ఎలాగో చెబుతాను.

డిసెంబరులో గిద్దలూరు నుంచి కబురు వచ్చింది. అక్కడ ఫిబ్రవరిలో కొన్ని బడుల పిల్లలు అధికారుల ముందు ఇలాంటి పుస్తకాల చర్చ చేసి చూపించాలి. బడికి ఆరుగురు.

అంతకుముందు ఏడు ఒక ప్రదర్శనకు పిల్లలను ఎలా ఎంచారో నేను చూశాను. స్టాఫ్ రూములో టీ తాగుతూ ఉండగా ఒక పేరు పైకి వస్తుంది. ఆ పేరు ఊళ్ళో ఏదో ఒక దుకాణం బోర్డు మీద ఉండే ఇంటిపేరే అవుతుంది. ఎవరూ కావాలని చేయరు. తెలిసిన పిల్లలు గుర్తుకొస్తారు, అంతే. కూలికి పోయే వాళ్ళ పిల్లలు, గొర్రెలు కాసే వాళ్ళ పిల్లలు వెనక బెంచీలో ఉంటారు, టీ తాగేటప్పుడు గుర్తుకు రారు. నేను కూడా ఆ బెంచీ నుంచి వచ్చినవాణ్ణే.

"అన్నా, మీరేమైనా లెక్క కట్టి చెప్పగలరా, ఎవరిని పంపాలో?" అని మేడం అడిగినప్పుడు నాకు ఎంతో సంతోషమైంది.

"కట్టి ఇస్తాను మేడం. ఎవరూ వేలెత్తి చూపలేని లెక్క."

పక్కన ఉన్న హెడ్మాస్టరు నవ్వాడు. "ఈయనకు నవ్వు వచ్చినా శాతంలో కొలిచి నవ్వుతాడు మేడం. మీరు దొరికిపోయినారు."

మాటలను దానంతటదే రాసిపెట్టే సౌకర్యం ట్యాబులో ఉంది కానీ మా వైపు మాట దానికి అందలేదు. అందుకని నేనే వినాలని నిర్ణయించుకున్నాను. వారానికి ఆరు గుంపులు, గుంపుకు ఇరవై నిమిషాలు. అంటే వారానికి రెండు గంటలు. ఎనిమిది వారాలకు పదహారు గంటలు. బడి వదిలాక నా బస్సు వచ్చేదాకా స్టాఫ్ రూములో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని విన్నాను. పిల్లల గొంతులన్నీ నాకు తెలుసు. ఒక్కొక్కరికి ఒక వరుస, వరుసకు మూడు గడులు. మాట్లాడిన సమయం, ఎన్నిసార్లు మాట అందుకున్నారు, పుస్తకంలోని సంగతి ఎన్నిసార్లు ఎత్తారు. గుంపు మొత్తానికి కలిపి నాలుగో గడి ఒకటి పెట్టాను. అది మాట కాని దానికి. ఫ్యాను, బెంచీ జరిపిన చప్పుడు, రోడ్డు మీద శ్రీశైలం బస్సుల హారన్లు, దగ్గు, నవ్వు, ఎవరిదో తెలియని గుసగుస.

ట్యాబు మైకు దూరం మాటను పట్టదు. అందుకని గుంపులో ఒకరు దాన్ని మాట్లాడే వాళ్ళ నోటి దగ్గర పట్టుకోవాలి. మిగతా గుంపుల్లో ఆ పని వంతులవారీగా చేసేవాళ్ళు. ఐదో గుంపులో మాత్రం ఎనిమిది వారాలూ ఒకే పిల్ల పట్టుకుంది. సన్నగా, నల్లగా, పొడవు చేతులతో ఉండే పిల్ల. తల్లిదండ్రులు కూలి పనికి పోతారు. ట్యాబును రెండు చేతులతో పట్టుకొని, ఎవరు మాట్లాడబోతున్నారో ముందే తెలిసినట్టు వాళ్ళ దగ్గరికి జరిపేది. తను మాత్రం మొహం పక్కకు తిప్పుకునేది. అంత చక్కగా పట్టుకున్న వాళ్ళు ఇంకో గుంపులో లేరు. ఆ గుంపు రికార్డింగు అన్నిటికంటే స్పష్టంగా ఉందని మేడంతో చెప్పాను కూడా.

ఎనిమిదో వారం అయిన శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, తలకు గుడ్డ చుట్టుకొని ఉంది. స్టాఫ్ రూము గుమ్మం దగ్గరే నిలబడింది.

"అన్నా, పిల్లల లెక్కలు రాసేది నువ్వేనంట గద."

"నేనేనమ్మా. లోపలికి రా."

"పర్లేదులే. మా పిల్ల గిద్దలూరు పోతాదా?"

"ఇంకా లెక్క తేలలేదు. సోమవారం తేలుతుంది."

"మంగళారం పొద్దున బండి. గుంటూరు సైడు మిరపకోతలకు. మేస్త్రీ నన్నూ దాన్నీ ఇద్దర్నీ రాసుకున్నాడు."

"చదువుకునే పిల్లను కోతలకు తీసుకుపోవడం ఎందుకమ్మా? ఇక్కడే ఉంచొచ్చు కదా."

"ఊరికే ఉంచితే వాళ్ళ నాయన ఒప్పుకోడన్నా. దాని పేరు వచ్చిందనుకో, సారోళ్ళు పంపియ్యొద్దన్నారు, ఆఫీసర్ల ముందర మాట్టాడాలంట అని గట్టిగా చెప్పుకుంటా. మా అమ్మ కాడ ఉండి బడికి వస్తాది. పేరు రాకపోతే ఏమని జెప్పేది?" గుమ్మానికి ఆనుకొని మళ్ళీ అంది. "పోయినేడు గూడా తీసకపోయినా. వచ్చినాక నెల దాకా పుస్తకం తెరవలా. అడిగితే అన్నీ మర్చిపోయినానమ్మా అనె. ఈసారి గూడా అట్లయితే ఇంక దాన్ని ఎవురూ బడికి తోలలేరు."

"నాకు తెలిసింది. కానీ లెక్క ఎంత ఉంటే అంతేనమ్మా."

"కొంచెం చూసి రాయి అన్నా. నువ్వు గూడా మా మాదిరి కష్టం జేసొచ్చినోడివేనంట, బడి ఊడ్చే ఆయమ్మ చెప్పింది."

"దానికోసమే ఈ లెక్క పెట్టింది. ఎవరి మొహమూ చూడకుండా. నీ పిల్లకు రావాల్సింది ఉంటే ఈ బడిలో ఎవరూ తీసెయ్యలేరు."

ఆమెకు ఆ మాట నచ్చింది. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంది. "అయితే వస్తాదిలే. ఇంట్లో ఒక్క నిముసం నోరు ముయ్యదు. అది ఏంది, ఇది ఏంది, అట్ల ఎందుకు జేసినారు అని నా పానం తీస్తాది. అది మాట్టాడకుండా యాడుంటాది" అని నవ్వుతూ పోయింది.

శనివారం, ఆదివారం కూర్చొని మొత్తం కూడాను. ఒక్కో గుంపుకు ఎనిమిది వారాల మీద నూట అరవై నిమిషాలు. ఆరుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరి వాటా ఇరవై ఆరు నిమిషాల నలభై సెకన్లు. వాటాకు తగ్గిన వాళ్ళ పేర్లు మొదటే తీసేసి, మిగిలిన వాళ్ళలో మిగతా రెండు గడులు చూసి ఆరుగురిని ఎంచాను. ఐదో గుంపులో మెడికల్ షాపు వాళ్ళ అమ్మాయి ఒక్కతే యాభై ఒక్క నిమిషాలు మాట్లాడింది. మిగతా నలుగురూ కలిపి డెబ్బై ఐదుకు పది సెకన్లు తక్కువ. ట్యాబు పట్టుకున్న పిల్ల మూడు నిమిషాల పది సెకన్లు. అది కూడా ప్రతి వారం మొదట్లో మేడం అందరి చేతా తప్పనిసరిగా ఒక వాక్యం చెప్పించడం వల్ల వచ్చింది.

ఇంకొక అంకె కూడా నా కళ్ళ ముందు ఉంది. ఐదో గుంపు నాలుగో గడిలో ముప్పై ఒక్క నిమిషాలు. మిగతా గుంపుల్లో అది పది, పన్నెండు దాటలేదు. ఫ్యాక్టరీలో ఒక రోజు పక్కన పడ్డ పలకలు మూడింతలు అయితే, ఆ రాయి ఏ గనిలోంచి వచ్చిందో కనుక్కునేదాకా నేను అన్నం తినేవాణ్ణి కాదు. ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించి, వాళ్ళు రోడ్డు వైపు కిటికీ దగ్గర కూర్చుంటారు, బస్సుల చప్పుడు అనుకొని ముందుకు పోయాను. ఆ పిల్ల పేరు ఎదురుగా ఉన్న అంకెను చూసి నాకు కొంచెం బాధ కలిగిన మాట నిజం. కొట్టాను, పలకలేదు, నేనేం చేసేది అనుకున్నాను.

సోమవారం మేడం జాబితా చూసి, "అన్నా, ఒక పేరు తప్పిపోయినట్టుంది" అంది.

"ఎవరు మేడం?"

"ఐదో గుంపులో ట్యాబు పట్టుకునే పిల్ల."

"మూడు నిమిషాల పది సెకన్లు. ముప్పై ఆరు మందిలో ముప్పై ఆరో స్థానం."

"అంకె సరే. ఆ గుంపు దగ్గర నిలబడితే వేరేగా ఉంటుందన్నా. మిగతా చోట్ల ఒకరు చెప్పింది విని ఇంకొకరు చెబుతారు. అక్కడ ఒకరి మీద ఒకరు పడతారు. ఆ పిల్ల లేకపోతే అలా ఉండదని నాకనిపిస్తుంది."

"అనిపించడాన్ని ఏ గడిలో రాయమంటారు మేడం? మీకు ఇవాళ ఒక పేరు అనిపిస్తే, రేపు ఇంకొకాయనకు ఇంకొక పేరు అనిపిస్తుంది. మళ్ళీ టీ దగ్గర ఎంచే పద్ధతే అవుతుంది."

ఆమె కాగితం తన వైపు తిప్పుకుంది. తర్వాత సంతకం పెట్టింది. ఆమె నోరు మూయించగలిగానని ఆ రోజు నాకు గర్వంగా ఉండింది. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మంగళవారం పొద్దున హాజరు వేసేటప్పుడు ఆ పిల్ల పేరు దగ్గర గైర్హాజరు నొక్కాను. ఆ తర్వాత రోజూ నొక్కాను.

గిద్దలూరులో మా వాళ్ళు ఆరుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చున్నారు. ట్యాబును ఒక స్టాండుకు బిగించి మధ్యలో పెట్టారు. ఒక్కొక్కరు లేచి మూడు నిమిషాలు మాట్లాడి కూర్చున్నారు. కుక్కను వదిలేయడం తప్పు అన్నారు. జంతువులను ప్రేమించాలి అన్నారు. పేదరికం వల్ల అలా జరిగింది అన్నారు. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ సంబంధం లేదు. ముందు వరుసలో ఉన్న అధికారి చాలా స్పష్టంగా మాట్లాడారని మెచ్చుకున్నాడు. తర్వాత నా పట్టికను గోడ మీద పెద్దగా వేసి చూపించారు. ఇది ఎవరు చేశారని అడిగితే హెడ్మాస్టరు నన్ను లేపి నిలబెట్టాడు. చప్పట్లు కొట్టారు. పక్షపాతం లేని పద్ధతి, మిగతా బడులు కూడా పాటించాలి అన్నారు. నా జన్మలో నాకోసం కొట్టిన చప్పట్లు అవే.

తిరుగు బస్సులో మెడికల్ షాపు వాళ్ళ అమ్మాయి నా పక్క సీటులో కూర్చుంది. మొహం ముడుచుకొని ఉంది.

"ఏందమ్మా, అంతమంది మెచ్చుకుంటే అట్లున్నావు?"

"మజా రాలేదు సార్. ఎవురూ ఏమీ అడగలేదు."

"రోజూ ఎవరు అడుగుతారు?"

"అది అడుగుతాది గద. ట్యాబు యెనక నుంచి. అది ఏదో ఒకటి అడిగితేనే మాకు మాటలు వచ్చేది." నా వైపు తిరిగింది. "దాన్ని ఎందుకు పిల్చకరాలేదు సార్?"

"అది మాట్లాడలేదు కదమ్మా. లెక్కలో రాలేదు."

"మీరే గద సార్ లెక్కేసింది" అని కిటికీ వైపు తిరిగింది.

మరుసటి రోజు పొద్దున హాజరు పంపేసి, ఐదో గుంపు మొదటి వారం రికార్డింగు పెట్టాను. ఈసారి పిల్లల మాటలు వినలేదు. మాటలకూ మాటలకూ మధ్య విన్నాను.

అక్కడ ఉంది. చాలా మెల్లగా, పక్కకు తిరిగి మాట్లాడుతున్న గొంతు.

"పోతా ఉన్నామని కుక్కకు ఎవురైనా చెప్పినారా?"

వెంటనే మెడికల్ షాపు అమ్మాయి, కుక్కకు చెబితే ఏం అర్థమవుతుంది అని అందుకుంది. దానికి ఇంకొకరు అడ్డం వచ్చారు. నాలుగు నిమిషాలు వాళ్ళు దాని మీదే కొట్లాడుకున్నారు. ఆ నాలుగు నిమిషాలనూ నేను మాట్లాడిన వాళ్ళ పేరు మీద రాశాను. ఆ ప్రశ్నను ఫ్యానుతో కలిపాను.

"తాళంచెవి ఎవురికి ఇచ్చి పోయినారు?"

"వాళ్ళ నాయన ఎనక్కి ఎందుకు చూళ్ళేదు?"

"వాళ్ళు పోయినకాడ గూడా కుక్కలుంటాయి గద. వాటిని చూస్తే వీళ్ళకు ఏమనిపిస్తాది?"

ఇంటికి తాళం వేసి మూటలతో బండి ఎక్కడం ఆ ముప్పై ఆరు మందిలో స్వయంగా తెలిసినవాళ్ళు ఎందరున్నారో నాకు తెలియదు. ఆ పిల్లకు తెలుసు. మిగతా వాళ్ళు పుస్తకంలో చదివిన దాన్ని ఆమె ఆ ముందటేడే చూసి వచ్చింది.

ఎనిమిది వారాలవీ మళ్ళీ విన్నాను. నాలుగు రోజులు పట్టింది. ఆ గొంతు నూట పన్నెండు సార్లు వచ్చింది. అందులో తొంభై ఏడు సార్లు ఆ మాట ఆగీ ఆగకముందే ఎవరో ఒకరు అందుకున్నారు. అడగ్గానే జవాబు తోచక గుంపు మొత్తం ఊరుకున్న సమయం కూడా ఉంది. అలాంటి ఊరుకోవడాలు మిగతా గుంపుల్లో లేవు. నా నాలుగో గడిలో ముప్పై ఒక్క నిమిషాలు ఎందుకు వచ్చాయో అప్పటికి తేలింది. బస్సుల చప్పుడు మిగతా గుంపులకు ఎంత ఉందో వీళ్ళకూ అంతే ఉంది.

ఆ నూట పన్నెండు ప్రశ్నలను కూడాను. ఒక్కొక్కటి మూడు సెకన్లు, అటూ ఇటూగా. మొత్తం ఐదు నిమిషాల ముప్పై ఆరు సెకన్లు. దానికి ముందున్న మూడు నిమిషాల పది కలిపితే ఎనిమిది నిమిషాల నలభై ఆరు. వాటాలో మూడో వంతు కూడా కాదు. అంటే నేను ఒక్క మాట కూడా వదలకుండా సరిగ్గా విని రాసి ఉన్నా ఆ పిల్ల పేరు జాబితాలోకి వచ్చేది కాదు. నా చెవి తప్పు అయితే దిద్దుకునేవాణ్ణి. తప్పు గడులు గీసినప్పుడే జరిగింది.

మేడంకు చెప్పాను. ఆమె తిట్టలేదు. "మీరు అంత గట్టిగా చెప్పేసరికి నాకు కనిపించింది కూడా నిజం కాదేమో అనుకున్నానన్నా" అంది. తిట్టు తిని ఉంటే అంతటితో పోయేది.

హెడ్మాస్టరు తల పట్టుకున్నాడు. "ఏందయ్యా నువ్వు. పట్టిక పైకి పోయినాది. మిగతా బడులకు పంపిస్తా ఉన్నారు. ఇప్పుడు నువ్వే తప్పు అంటే బడి పరువు ఏం గాను?"

"తప్పే కదా సార్."

"తప్పయితే వచ్చే ఏడు ఇంకో గడి కలుపు. ఇప్పుడు మాత్రం కదిలించబాక."

బడి రికార్డులో ఉన్న నంబరుకు ఫోను చేశాను. చాలాసేపటికి తల్లి ఎత్తింది. వెనక ఆడవాళ్ళ మాటలు, గాలి, ఎవరో తుమ్ముతూ ఉన్నారు.

"ఏందన్నా, బడి నుంచి ఫోను?"

"పిల్ల ఎట్లుందమ్మా?"

"ఉంది. ఇద్దరం ఒకే సాలు మీద ఉన్నాం. కండ్లు మంటలని ఏడుస్తా ఉండె, ఇప్పుడు అలవాటైంది."

"నీ పిల్లను లెక్కలో తప్పు వేశానమ్మా. పంపాల్సిన పిల్లే."

"గిద్దలూరు అయిపోయినాదా?"

"అయిపోయింది."

"మరింకేముందన్నా."

"ఇప్పుడైనా పంపించు. నేను వచ్చి తీసుకుపోతాను."

"యాడ పంపించేది. మేస్త్రీ మనుషుల్ని లెక్కబెట్టి తెచ్చినాడు. మధ్యలో ఒకరు పోతే ఆయన లెక్క తప్పుతాది. లెక్కంటే నీకు తెలుసు గద."

ఎత్తిపొడవడానికి అన్న మాట కాదు అది. ఉన్న సంగతి చెప్పింది. ఉంటానన్నా అని పెట్టేసింది.

ఏప్రిల్ మొదట్లో ఆ పిల్ల బడికి వచ్చింది. అప్పటికి పరీక్షలకు రెండు వారాలుంది. ఇంకా నల్లబడింది. వేళ్ళ చివర్లలో తోలు పొరలు పొరలుగా లేచి ఉంది. ఇంటర్వెల్లులో స్టాఫ్ రూముకు పిలిచి, ఒక ఇయర్‌ఫోను చేతికిచ్చి ఆమె గొంతు వినిపించాను. తాళంచెవి ప్రశ్న.

"ఎవరిదమ్మా ఈ గొంతు?"

విని, తల వంచుకొని నవ్వింది. "నాదే సార్. రికార్డయిందా? కాకూడదని పక్కకు తిరిగినానే."

"ఎందుకు కాకూడదు?"

"మైకు పట్టుకున్నోళ్ళు మాట్టాడగూడదు సార్. మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెప్పేటప్పుడు ఆడోళ్ళ కాడికి మైకు తీసకపోయేది నేనే. మధ్యలో నోరు తెరిస్తే పాస్టరమ్మ తిడతాది. వాళ్ళ సాక్ష్యంలో నీ గొంతు పడగూడదు అంటాది."

"మరి ఇక్కడ మాట్లాడావు కదా."

"మాట్టాడలేదు సార్. అడిగినా, అంతే. అడిగేది మాట్టాడేది కాదు గద."

నా పట్టిక కూడా ఆ మాటే చెప్పింది. ఆ పిల్ల చర్చిలో మర్యాద అని నేర్చుకున్న దాన్ని నేను గీతలు గీసి లెక్కగా మార్చాను.

ఆమె ఇయర్‌ఫోను తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. "సార్, ఇది గూడా లెక్కబెట్టుంటే నేను కోతలకు పోకుండా ఉందునా?"

ఉండేదానివి అని చెబితే సరిపోయేది. పంతొమ్మిదేళ్ళు పలకలు కొట్టినవాడికి, ఆ తర్వాత కూడా అంకెలతోనే బతికినవాడికి, ఆ ఒక్క అబద్ధం నోటికి రాలేదు. కాగితం తీసి చూపించాను.

"లేదమ్మా. ఇది కలిపినా ఎనిమిది నిమిషాల నలభై ఆరే. వాటా ఇరవై ఆరు నిమిషాల నలభై."

ఆ అంకెలను దగ్గరగా చూసింది. "అయితే నిమిషాలు రావాల" అంది.

"లెక్కే తప్పమ్మా. నిమిషాలు కాదు కొలవాల్సింది. నేను చేసింది తప్పు."

"వచ్చే ఏడు గూడా ఇట్లనే లెక్కేస్తారా సార్?"

నేను జవాబు చెప్పే లోపల ఆమె నా మొహం చూసి తెలుసుకుంది. అప్పటికే పట్టిక చాలా బడులకు పోయింది. మా బడికే అది పైనుంచి తిరిగి వచ్చింది, ఇకనుంచి దీని ప్రకారం నింపాలని. గడులు అవే. కొత్త గడి కలపమని నేను రాసిన దానికి జవాబు రాలేదు.

ఆ ఏటికి ఆఖరి శుక్రవారం గుంపులు కూర్చున్నాయి. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఐదో గుంపులో ఆ పిల్ల ట్యాబును పక్కనున్న వాళ్ళ చేతికిచ్చి, తన నోటి దగ్గర పట్టుకోమంది. మొదలుపెట్టింది. కథను మొదటి నుంచి చెప్పింది. ఇల్లు చెప్పింది, కుక్క రంగు చెప్పింది, ప్రయాణం చెప్పింది. అయిపోయిన దాన్ని వేరే మాటల్లో మళ్ళీ చెప్పింది. మధ్య మధ్యలో గోడ మీద గడియారం చూసుకుంది. మెడికల్ షాపు అమ్మాయి మొదట ఆశగా ముందుకు వంగి కూర్చుంది. కొంతసేపటికి వెనక్కి జరిగి నోటుబుక్కు మీద గీతలు గీసుకోసాగింది. ఎవరూ అడ్డం రాలేదు. అడ్డం రావడానికి అందులో ఏమీ లేదు.

బెల్లు కొట్టాక నా దగ్గరికి వచ్చింది.

"ఎన్నొచ్చినాయి సార్?"

"ఆరు నిమిషాల ఇరవై సెకన్లు."

"వాటా ఎంత?"

"ఒక రోజుకు మూడు నిమిషాల ఇరవై."

"అయితే చాలుతాది గద?"

"చాలుతుందమ్మా" అన్నాను. లెక్క ప్రకారం అది నిజమే.

నోటుబుక్కు వెనక అట్ట మీద ఆ అంకె రాసుకొని పోయింది. సాయంత్రం ఐదో గుంపు రికార్డింగును రెండుసార్లు మొత్తం విన్నాను. మాటలకూ మాటలకూ మధ్య విన్నాను. నాలుగో గడిలో రాయడానికి ఫ్యాను, రెండు బస్సులు, ఒక దగ్గు ఉన్నాయి.